ఖాళీ అయిన చోటు ఎక్కడికి పోవును?

మిర్యాలగూడ పొలిమేరలో, ఊక వాసనయు ఉప్పుడుబియ్యపు ఆవిరియు కలిసిన గాలి వీచుచోట, ఒక రైసుమిల్లు కార్యాలయమున లెక్కలు వ్రాయు పెద్దమనిషి యొకాయన కొంతకాలము క్రిందట నన్నొక ప్రశ్న అడిగెను. కంప్యూటరు డిస్కు నిండిపోవచ్చినదని హెచ్చరిక కనబడగా, ఆడిటు ముగిసి, నకలు వేఱొకచోట భద్రపఱచిన మూడేండ్ల నాటి లారీల నమోదులన్నిటిని ఆయన ఒక రాత్రి పొద్దుపోవువఱకు కూర్చుండి తొలగించెను. తెల్లవారి చూచునప్పటికి డిస్కులో ఖాళీ గోరంతయైనను పెరుగలేదు. "తీసేసినం గద సార్, మరి జాగ యాడికి పోయింది?" అని ఆయన అడిగిన కంఠములో, రాత్రికి రాత్రి తన పొలము గట్టు జరిగిపోయిన రైతునకు కలుగునట్టి దిగ్భ్రమ ధ్వనించినది.

ఈ ప్రశ్న ఆయన ఒక్కనిదే కాదు. ఫోనులోని సందేశములను వందలకొలదిగా తుడిచివేసియు, స్థలము మునుపటివలెనే యున్నదని విస్తుపోవువారు కోదాడ బస్టాండులో ఏ బల్లమీద చూచినను ఒకరు దొరకుదురు. తూకపు లెక్కలైనను, సందేశములైనను, ఆసుపత్రిలోని రోగుల చీటీలైనను, నేడు అవి యన్నియు ఒకే తీరు పొందికలో, అనగా నిలువు గళ్లును అడ్డు పంక్తులును గల పట్టికలలో దాగియున్నవి. ఇట్టి పట్టికల సముదాయమే డేటాబేసు. లోకములోని వివరములనన్నిటిని పరస్పర సంబంధము గల పట్టికలుగా అమర్చవచ్చునని, ఐబీఎం సంస్థలో పనిచేయుచున్న ఎడ్గర్ కాడ్ అను గణితజ్ఞుడు 1970లో ప్రతిపాదించెను. ఆయన తలచినది పట్టికలోని తర్కమును గూర్చి. మన మిల్లు లెక్కల పెద్దమనిషి తలపట్టుకొన్నది ఆ పట్టిక డిస్కు మీద పడియుండు భౌతికరూపమును గూర్చి. ఈ రెంటికిని నడుమ నున్న దూరమే ఈ అధ్యాయమునకు విషయము.

సవరణ దస్తావేజు

సూర్యాపేటలో గాని కోదాడలో గాని సబ్‌రిజిస్ట్రారు కార్యాలయమునకు పోయినవారికి ఒక సంగతి తెలిసియే యుండును. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము స్థిరాస్తికి సంబంధించిన దస్తావేజులు ఒకటవ పుస్తకమున నమోదగును. అట్లు నమోదైన దస్తావేజులో సర్వే నంబరు తప్పు పడినదనుకొందము. అధికారి ఆ పుట తెఱచి, ఆ అంకెను గీకివేసి, మఱియొక అంకె దిద్దడు. అమ్మినవారును కొన్నవారును మరల వచ్చి, సవరణ దస్తావేజు వ్రాయించి, రిజిస్టరు చేయించుకొనవలసినదే. పాతది పాతదిగానే యుండును. క్రొత్తది దాని తరువాత వచ్చి చేరును. ఏది నేడు చెల్లునదో రెంటిని కలిపి చదివినవానికే తెలియును. 1998లో ఉమ్మడి రాష్ట్రమున కార్డ్ అను పేర ఈ కార్యాలయముల పని కంప్యూటరులకెక్కి, ఆస్తి లావాదేవీలను తెలుపు ఈసీ కాగితమునకై దినముల తరబడి తిరుగవలసిన అగత్యము తీఱినది గాని, చెఱపకుండ చేర్చుట యను ఈ మూలసూత్రము మాత్రము చెక్కుచెదరలేదు.

పోస్ట్‌గ్రెస్ అను డేటాబేసు కూడ సరిగా ఈ పద్ధతినే నడచును. మన మిల్లు లెక్కలున్నది ఇందులోనే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణమున మైకేల్ స్టోన్‌బ్రేకర్ బృందము 1986లో దీని నిర్మాణమునకు పూనుకొన్నప్పుడు, వ్రాసినదానిమీద తిరిగి వ్రాయరాదని నియమము పెట్టుకొనినది. పంక్తిని మార్చుమన్నచో అది పాత పంక్తిలోని వివరములను ముట్టుకొనక, మార్పుతో కూడిన క్రొత్త పంక్తిని వేఱొకచోట వ్రాయును. తొలగించుమన్నచో, పంక్తిని అక్కడనే యుంచి, దాని నుదుట ఒక గుర్తు మాత్రము వేయును. ప్రతి పంక్తి నుదుటను రెండు సంఖ్యలుండును: ఏ వ్యవహారము (ట్రాన్సాక్షను) దానిని పుట్టించినదో తెలుపు జన్మసంఖ్య యొకటి, ఏ వ్యవహారము దానిని చంపినదో తెలుపు మరణసంఖ్య యొకటి. మన పెద్దమనిషి ఆ రాత్రి చేసినదెల్ల, లక్షలాది పంక్తుల నుదుట మరణసంఖ్యలు వ్రాయుటయే. శవములు లేవలేదు.

ఇంత వ్యయమెందులకు? ఒక పట్టికను ఒకే క్షణమున పదిమంది ముట్టుకొందురు గనుక. యజమాని లోపలి గదిలో ఆనాటి కొనుగోలు మొత్తమును కూడించుచుండగా, కాటా యొద్దనున్న కుఱ్ఱవాడు అదే వేళ ఒక బండి తూకమును సవరించినాడనుకొనుడు. పంక్తిని ఉన్నచోటనే చెఱిపి దిద్దినచో, యజమాని చేతికి వచ్చు మొత్తములో సగము పాత లెక్క, సగము క్రొత్త లెక్క కలిసిపోయి, ఏనాటికిని నిజము కాని యొక అంకె పుట్టును. పాత పంక్తి బ్రదికియుండుటచేత, యజమాని తాను కూడిక మొదలిడిన క్షణపు లోకమునే తుదివఱకు చూచును. కుఱ్ఱవాడు తన మార్పును నిరాటంకముగా చేసికొనును. చదువువాడు వ్రాయువానిని ఆపడు, వ్రాయువాడు చదువువానిని ఆపడు. పట్టికల శాస్త్రమున ఇంతకంటె సౌజన్యము గల యేర్పాటు నాకు కనబడలేదు. మృతపంక్తులు ఆ సౌజన్యమునకు మనము చెల్లించు మూల్యము.

ఒక లారీ, ఐదు పంక్తులు

ఈ మూల్యమెంతయో దగ్గఱనుండి చూతము. వానాకాలపు కోతల వేళ మిల్లు గేటు ముందు ధాన్యపు బండ్లు బారులు తీఱియున్నవి. ఒక లారీ గేటు దాటగనే పట్టికలో దానికొక పంక్తి పుట్టినది: బండి నంబరు, రైతు పేరు, ఊరు, వచ్చిన వేళ. పిమ్మట ఒకడు బస్తాలో ఇనుపగొట్టము గుచ్చి, గుప్పెడు గింజలు తీసి, తేమ చూచెను. ప్రభుత్వ సేకరణలో పదునేడు శాతమునకు మించరాదని నియమము గల ఆ తేమ అంకె చేరినంతనే మొదటి పంక్తి చచ్చి, రెండవది పుట్టినది. నిండుబండి కాటా ఎక్కినది, మూడవ పంక్తి. ధాన్యము దించి, ఖాళీబండి మరల కాటా ఎక్కినది, నాలుగవది. సొమ్ము చెల్లినది, ఐదవది. రైతు కన్నులకు తన బండి ఒక్కటియే. యజమాని తెరమీద పంక్తి ఒక్కటియే. డిస్కు మీద మాత్రము పంక్తులైదు, అందు నాలుగు మృతములు.

డేటాబేసు పంక్తులను ఒక్కొక్కటిగా డిస్కున పడవేయదు, పుటలుగా కూర్చును. పోస్ట్‌గ్రెస్‌లో పుట యొక్కటికి 8192 బైట్లు, అనగా ఇంచుమించు అన్ని ఆంగ్లాక్షరములకు చాలునంత చోటు. మన లారీ పంక్తి, దాని నుదుటి సంఖ్యలతో కూడ, నూట ముప్పది బైట్లకు పైచిలుకు ఆక్రమించుననుకొన్నచో, పుటకు అరువది పంక్తులు పట్టును. దినమునకు రెండువందల బండ్లు వచ్చు మిల్లును ఊహింపుడు. వేయి పంక్తులు పుట్టును, వానికి పదునేడు పుటలు కావలెను. బ్రదికియున్న రెండువందల పంక్తులకో, నాలుగు పుటలు చాలును. తక్కిన పదుమూడు పుటల చోటును మృతపంక్తులు భరించుచున్నవి. యజమాని సాయంత్రము మొత్తము కూడుమన్నప్పుడు యంత్రము ఆ పదునేడు పుటలను త్రిప్పి, ప్రతి పంక్తి నుదుటను చదివి, ఇది బ్రదికినదా చచ్చినదా యని విచారించి కాని ముందునకు సాగదు. కావున ఈ చెత్త చోటును మాత్రమే తినదు, కాలమును సైతము తినును. మన మిల్లులో హెచ్చరిక రాకముందే, తెర మెల్లగా కదలుచున్నదని పెద్దమనిషి నెలల తరబడి వాపోయెనట.

ఇక్కడ ఒక మినహాయింపు చెప్పవలెను. మన పాత షావుకార్లు ఆవర్జాలో ఒక్కొక్క ఖాతా క్రింద నాలుగు గీతలు ఖాళీగా విడిచి వ్రాయుట చూచినవారు కలరు. రేపటి పద్దు ఆ ఖాతా ప్రక్కనే పడవలెనని వారి ముందుచూపు. డేటాబేసునకు కూడ, పుటను కంఠము మట్టునకు నింపక, పదింట రెండు వంతులు విడిచిపెట్టుమని చెప్పవచ్చును. అప్పుడు మారిన పంక్తి అదే పుటలో పడును. మారిన గడికి, మున్ముందు చెప్పబోవు సూచిక లేనిపక్షమున, 2008లో వచ్చిన 8.3 సంచికనుండి, పోస్ట్‌గ్రెస్ ఆ పుటను మరల తెఱచినప్పుడు అందలి పాత పంక్తులను తానే సర్దివేయును. పలుమాఱులు దిద్దుబాటు పడు పట్టికను కిక్కిరియ నింపుట పొదుపు కాదు, దుబారా.

తువ్వాలు వేసిన సీటు

మరి ఆ మృతపంక్తుల చోటును విడిపించుటెట్లు? ఇందులకు వాక్యూమ్ అను ఆజ్ఞ కలదు. ఇంటిలో దుమ్ము పీల్చు యంత్రము పేరిటనే బర్క్‌లీవారు దానికి ఆ పేరు పెట్టిరి. దాని పని తెలియుటకు హైదరాబాదునుండి సూర్యాపేట, కోదాడల మీదుగా విజయవాడకు పోవు ఆర్టీసీ బస్సునెక్కుదము.

మన బస్సులలో సీటు ఆపుకొను విధము లోకవిదితము: కిటికీలోనుండి తువ్వాలు విసరినచో సీటు విసరినవానిదే. ఒకాయన సూర్యాపేటలో దిగిపోయెను, తువ్వాలు మఱచెను. సీటులో మనిషి లేడు, అయినను ఎవ్వరును కూర్చుండరు. నుదుట మరణసంఖ్య పడిన పంక్తి ఈ తువ్వాలు వేసిన సీటు వంటిది. మన పెద్దమనిషి ఆ రాత్రి ప్రయాణికులనందఱిని దింపెను గాని, తువ్వాళ్లను వేటిని తీయలేదు. వాక్యూమ్ అనునది కండక్టరు. అతడు వరుసవెంబడి వచ్చి, ఆ తువ్వాలువాడు దిగినాడని నిర్ధారించుకొని, తువ్వాలు తీసివేసి, ఇరువది మూడవ నంబరు సీటు ఖాళీయని తన చీటీపై వ్రాసికొనును. ఈ చీటీకే ఖాళీల పటమని పేరు. క్రొత్త పంక్తి వచ్చినప్పుడు డేటాబేసు మొదట దానినే చూచును.

ఇక్కడనే సామాన్యుల ఆశకును యంత్రపు పనికిని పొత్తు కుదరదు. కండక్టరు తువ్వాళ్లన్నిటిని తీసినంతమాత్రమున బస్సు పొడవు తగ్గునా? తగ్గదు. సీట్లు ఖాళీ యగును. కోదాడలో ఎక్కువారు వానిలో కూర్చుందురు. ఇంకొక బస్సు వేయవలసిన అవసరము తప్పును. వాక్యూమ్ విడిపించిన చోటు ఆ పట్టికకే తిరిగి వాడుకొనుటకు మిగులును గాని డిస్కునకు మరలిపోదు. ఒక్క సందర్భమున మాత్రము మరలును. ఇందులకు బస్సును విడిచి, మిర్యాలగూడ మీదుగా పోవు రైలును తలచుకొనవలెను: చిట్టచివరి బోగీలు పూర్తిగా ఖాళీ అయినచో వానిని విడదీసి పంపివేయవచ్చును, నడిమి బోగీ ఎంత ఖాళీయైనను తీయవలను పడదు. అట్లే ఫైలు తోకభాగపు పుటలు పూర్తిగా ఖాళీ అయినచో వాక్యూమ్ వానిని కత్తిరించి డిస్కునకు అప్పగించును. మన పెద్దమనిషి తొలగించినవో, పాత సంవత్సరములవి. అవి ఫైలు మొదటి భాగమున నున్నవి. తోకయందు నిన్నటి లారీలు నిలిచియున్నవి.

కండక్టరునకు కూడ సాధ్యము కాని ఘట్టమొకటి కలదు. తువ్వాలుమీద చేయి వేయబోవునంతలో ప్రక్కసీటు ముసలాయన "ఉండు బాబూ, చాయ్ తాగనీకి పోయిండు, వస్తడు" అనెననుకొనుడు. ఆ మాటను కాదనుటకు వీలు లేదు. డేటాబేసులో ఉదయము మొదలిడి ముగింపని వ్యవహారము ఆ ముసలాయన వంటిది. అది ఉదయపు లోకమును చూచుచున్నది గనుక, ఉదయము తరువాత చచ్చిన ఏ పంక్తియు దానికి ఎప్పుడైనను కావలసి రావచ్చును. కావున దానిని తుడుచుటకు వాక్యూమునకు అధికారము లేదు. ఈ అడ్డంకి ఆ ముసలాయన కూర్చున్న వరుసకే పరిమితము కాదు, ఆ డేటాబేసులోని పట్టికలన్నిటికిని వర్తించును. మన మిల్లులో వెదకగా వెదకగా బయటపడిన రహస్యమిదియే. లోపలి గదిలో ఎవరో ఒక నివేదికను తెఱచి, దానిని ముగింపక, తెరను ఆర్పి ఇంటికి పోయిరి. ఆ కిటికీ వారము దినములుగా తెఱచియే యున్నది. వాక్యూమ్ ప్రతిదినము వచ్చి, తువ్వాళ్లను చూచి, ముసలాయన మాట విని, వట్టి చేతులతో తిరిగి పోవుచుండినది.

కాలువ కట్టివేయు పని

ఫైలును నిజముగా కుదించితీరవలెనన్నచో వేఱొక ఆజ్ఞ కలదు: వాక్యూమ్ ఫుల్. కండక్టరు తువ్వాళ్లు తీయుటకు బదులు, ప్రక్కన ఒక చిన్న బస్సును తెచ్చి నిలిపి, బ్రదికియున్న పంక్తులనన్నిటిని వరుసగా అందులోనికెక్కించి, పాత బస్సును పంపివేయును. సూచికలను సైతము క్రొత్తగా కట్టును. ఫలితము చూచుటకు ముచ్చటగా నుండును. డిస్కులో ఖాళీ ఒక్కసారిగా కనబడును. కాని దానికి షరతులు రెండు. పాత బస్సును క్రొత్త బస్సును కొంతసేపు ప్రక్కప్రక్కన నిలువవలెను గనుక, మిగులబోవు పట్టిక ఎంతయో అంత ఖాళీ ముందే యుండవలెను. డిస్కు నిండిపోయినవాడే ఈ ఆజ్ఞను వెదకుకొనుచు వచ్చును, ఆ ఆజ్ఞయో ముందుగా ఖాళీని చూపుమనును. రెండవది, ఆ మార్పిడి ముగియువఱకు పట్టికకు తాళము పడును. వ్రాయుట యటుంచి, చదువుటకు కూడ ఎవరికిని ప్రవేశము లేదు.

నాగార్జునసాగరు ఎడమ కాలువ క్రింద పంట పండించు మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతముల రైతులకు ఈ తాళపు అర్థమును విడమఱచి చెప్పనక్కఱలేదు. 1955లో శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు పాఱినది మొదలు వారి సంవత్సరము కాలువ రాకపోకలతో ముడిపడినది. పాఱుచున్న కాలువలో గుఱ్ఱపుడెక్కను ఒడ్డుననుండి లాగివేయవచ్చును, నీరాగదు, పొలమెండదు. అడుగునకు దిగి పూడిక ఎత్తవలెనన్నను, లైనింగు పలకలు మార్చవలెనన్నను, తూము కట్టివేయవలసినదే. ఆ పని వేసవిలో చేయుదురు. నాట్ల వేళ ఎవ్వరును తలపెట్టరు. వాక్యూమ్ ఫుల్ అను ఆజ్ఞను ధాన్యపు బారులు గేటు ముందు నిలిచియుండగా ఇచ్చువాడు నాట్ల నడుమ కాలువ కట్టివేసినవాడగును. పట్టిక వాడుకలో నుండగనే దాని నకలును మెల్లమెల్లగా సిద్ధపఱచి, తుదిని క్షణకాలము మాత్రము తాళము వేసి మార్చివేయు పీజీ రీప్యాక్ వంటి ఉపకరణములు కలవు. వానికిని ఖాళీ చోటు ముందే కావలెను.

తక్కిన డేటాబేసుల తీరును రెండు మాటలలో చెప్పెదను. ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్‌ వారి ఇన్నోడీబీ పంక్తిని ఉన్నచోటనే దిద్ది, పాత రూపమును వేఱొక పుస్తకములో వ్రాసిపెట్టును. అందుచేత దిద్దుబాట్లవలన పట్టిక పోస్ట్‌గ్రెస్‌లో వలె ఉబ్బదు. తొలగింపుల విషయమున మాత్రము అవియు మన పెద్దమనిషిని నిరాశపఱచునవే. ఒరాకిల్‌లో పట్టికకు ఒక వరదగుర్తు ఉండును. వాడపల్లి యొద్ద కృష్ణలో కలియు మన మూసీకి వరద వచ్చి తీసినను, నీరు ఎంతవఱకు లేచినదో చూపు మట్టిచాఱ వంతెన కంబముపై నిలిచియే యుండును గదా. అట్లే పంక్తులు పోయినను ఆ గుర్తు దిగదు, పట్టికనంతయు చదువుమన్నప్పుడు యంత్రము ఆ గుర్తువఱకును ఖాళీ పుటలను కూడ త్రిప్పును. గుర్తును దింపుటకు ప్రత్యేకముగా కుదింపు ఆజ్ఞ ఇయ్యవలెను.

నా మటుకు నాకు, పాత సంవత్సరముల లెక్కలను ఈ మార్గములలో దేనితోను తీయించుట ఇష్టము లేదు. గ్రామ లెక్కలలో పహాణీని చూడుడు. ఏ సంవత్సరపు పహాణీ ఆ సంవత్సరమునకు వేఱుగా నుండును. 1954-55 నాటి ఖాస్రా పహాణీని నేటికిని తెలంగాణలో భూమి తగవులలో వేఱుగా పేరుపెట్టి అడుగుదురు. ఒక యేటి లెక్క అక్కఱ తీఱెనన్నచో ఆ యొక సంపుటమును బీరువానుండి తీసినచో సరిపోవును. అన్ని యేండ్లను కలిపి కుట్టిన మహాగ్రంథమునుండి ఒక్కొక్క యాకును చింపవలసిన పని లేదు. పట్టికను కూడ పంటకొక ఖండముగా, వానాకాలమునకు ఒకటి యాసంగికి ఒకటిగా, మొదటినుండి విభజించి పెట్టవచ్చును. అప్పుడు పాత పంట ఖండమును తీసివేయుమన్నచో ఫైలుకు ఫైలే పోవును. మృతపంక్తులు లేవు, తువ్వాళ్లు లేవు, చోటు ఆ క్షణముననే డిస్కునకు చేరును. ఆ పెద్దమనిషి మేలుకొనియుండి చేసిన రాత్రిపని, ఈ యేర్పాటు ముందే యున్నచో, రెప్పపాటులో ముగిసియుండెడిది.

సూచికయు, మెతుకును

పట్టికకు తోడు సూచికలుండును. పెద్ద గ్రంథము చివర అకారాదిగా మాటలును పుటసంఖ్యలును ఇచ్చునట్లు, బండి నంబరు చెప్పినంతనే పంక్తి యున్న తావును చూపునది సూచిక. బోయింగ్ సంస్థలో రూడోల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్రైట్ 1970లో కనుగొన్న వృక్షాకారపు అమరికయే నేటికిని వీనికి ఆధారము. సూచికలోని పుట పూర్తిగా ఖాళీ యైననే తిరిగి వాడుకకు వచ్చును. పుటకు నాలుగైదు పేర్లు మిగిలినను అది అట్లే పలుచగా నిలుచును. అందుచేత పెద్ద తొలగింపు జరిగిన పిమ్మట సూచికను మరల కట్టుట మేలు. 2019లో వచ్చిన పండ్రెండవ సంచికనుండి ఈ పనిని పట్టికకు తాళము వేయకయే చేయవచ్చును.

సూచిక యున్నను దానిని వాడుటయా, పట్టికనంతయు చదువుటయా యని నిర్ణయించుకొనవలసినది యంత్రమే. ఆ నిర్ణయమునకు పట్టికలో ఏమేమి ఎంతెంత యున్నదో దానికి అంచనా యుండవలెను. అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక్క మెతుకు పట్టి చూచినట్లు, అనలైజ్ అను ఆజ్ఞ మామూలుగా ముప్పదివేల పంక్తులను యాదృచ్ఛికముగా ఏఱి, వానినిబట్టి లెక్క కట్టును. లక్షల పంక్తులు తొలగించి ఈ మెతుకు పట్టుట మఱచినచో, యంత్రము పాత అంచనాతోనే దారి ఎంచుకొని, దగ్గఱి ఊరికి చుట్టుదారిన పోవును.

విశ్వావసు ఎన్నవది?

తుడుపు పనికి మఱియొక ప్రయోజనము కలదు. దీనిని నిర్లక్ష్యము చేసినవారికి కలుగు కష్టము డిస్కు నిండుటకంటె పెద్దది.

మన సంవత్సరములకు అరువది పేర్లు. 1965లో వచ్చిన విశ్వావసు మరల 2025లో వచ్చినది. ఒక పాత కాగితముమీద వట్టి "విశ్వావసు" అని మాత్రమే యున్నచో అది ఏ విశ్వావసుయో చెప్పుట కష్టము. ఈ చిక్కు తెలిసియే మన శాసనకర్తలు సంవత్సరనామముతోపాటు శకవర్షసంఖ్యను కూడ చెక్కించెడివారు. పంక్తి నుదుటనుండు జన్మసంఖ్యలకును ఇట్టి చక్రమే కలదు. ఆ సంఖ్యకు ముప్పదిరెండు బిట్ల చోటు మాత్రమే యిచ్చుటచేత, అది సుమారు 429 కోట్ల వఱకు పోయి, మరల మొదటికి వచ్చును. నేటి సంఖ్యకు వెనుక నున్న సగము, అనగా 214 కోట్లు, గతము. ముందున్న సగము భవిష్యత్తు. తుడుపరి రాక, ఒక పంక్తి మితిమీఱిన కాలము అట్లే పడియున్నచో, చక్రము తిరిగి, నిన్న వ్రాసిన లెక్క రేపు పుట్టబోవుదానివలె కనబడి, మాయమైపోవును.

వాక్యూమ్ ఈ ప్రమాదమును కూడ కాచును. తిరుగుచున్నప్పుడు మిక్కిలి పాతబడిన, బ్రదికియున్న పంక్తులను గుర్తించి, ఇవి అందఱికిని ఎల్లప్పుడును గతమే యని ముద్ర వేయును. దీనిని ఘనీభవింపజేయుట యనవచ్చును. పాత పంక్తి జన్మసంఖ్యకును నేటి సంఖ్యకును నడుమ దూరము ఇరువది కోట్లు దాటినచో, యజమాని వలదని కట్టిపెట్టియున్నను, ఈ పనికై వాక్యూమ్ తానే లేచును. అప్పటికిని సాగక హద్దు దగ్గఱపడినచో డేటాబేసు క్రొత్త వ్యవహారములను స్వీకరించుట మానివేయును. ఉన్న లెక్కను పోగొట్టుటకంటె క్రొత్త లెక్కను నిరాకరించుట మేలని దాని నిర్మాతల అభిప్రాయము. ఆ అభిప్రాయముతో నేను పూర్తిగా ఏకీభవింతును.

దినదినపు ఊడ్పు

ఈ శతాబ్ది తొలి దశకమున సూర్యాపేట పురపాలక సంఘము వీధి చెత్తకుండీలను తీసివేయించి, ఇంటింటికిని బండ్లు పంపి, తడిచెత్తను పొడిచెత్తను వేఱుగా సేకరించి, తడిదానిని ఎరువుగా మార్చి, దేశమున పలుతావులవారు వచ్చి చూచిపోవునంతటి పేరు గడించినది. అందలి కిటుకు బండ్ల పరిమాణమున లేదు. ప్రతి ఉదయమును బండి తప్పక వచ్చుటలో నున్నది. కుండీలో పది దినములు పేరుకొన్న చెత్తకును, నేటి వంటయింటి తొక్కలకును, మోయువాని కష్టములో ఎంత వ్యత్యాసము!

పోస్ట్‌గ్రెస్‌లో అట్టి ఉదయపు బండి ఆటోవాక్యూమ్. 2005లో డేటాబేసులోనే ఇమిడి, 2008నుండి ఎవరును కోరకుండగనే పనిచేయుచున్నది. నిమిషమునకొకసారి మేలుకొని, ఏ పట్టికలో మృతపంక్తులు హద్దు మీఱినవో చూచును. ఆ హద్దు: యాబది పంక్తులు, వానిపై పట్టికలోని పంక్తులలో ఐదవ వంతు. లక్ష పంక్తుల పట్టికకు 20,050 మృతపంక్తులు చేరగనే అది వచ్చును, ఇది సమంజసమే. కోటి పంక్తుల పట్టికకో, ఇరువది లక్షలు పేరుకొనువఱకు రాదు. ఐదవ వంతు అను నియమము చిన్న వీధికి సరిపోవును గాని పెద్దబజారుకు చాలదు. కావున పెద్ద పట్టికలకు ఆ వంతును నూటికి ఒకటి రెండుగా తగ్గించుట నా అలవాటు. బండి తఱచుగా వచ్చును. వచ్చినప్పుడెల్ల కొద్దిపాటి పనియే యుండును. పని భారమగుచున్నదని తలచి ఆటోవాక్యూమును ఆర్పివేయువారు కలరు. అది బండి చప్పుడు నిద్ర చెఱచుచున్నదని చెత్తబండిని మాన్పించుట వంటిది.

మిర్యాలగూడ మిల్లులో మేము చేసిన పనులు కొద్దిపాటివి. తెఱచి మఱచిన నివేదికను ముగించితిమి. ఇట్లు పనిలేక తెఱచియుండు వ్యవహారములు గంట దాటినచో వానంతట అవే ముగియునట్లు అమర్చితిమి. హద్దును తగ్గించితిమి. మిల్లు ఆగిన ఒక ఆదివారము రాత్రి, వేఱొక డిస్కు తగిలించి, ఒక్కసారికి కాలువ కట్టివేసి, పట్టికను పంటల వారీ ఖండములుగా తిరిగి వ్రాయించితిమి. ఫైలు తగ్గినది. పెద్దమనిషి సంతోషించెను గాని, యాసంగి ధాన్యము వచ్చుట మొదలైనంతనే అది కొంత పెరిగి, మునుపటి భయమును మరల రేపినది. ఆగి చూడుమంటిని. ఇంకొక పది దినములకు పెరుగుట నిలిచిపోయినది. ఉదయము చచ్చిన పంక్తుల చోటున సాయంత్రపు లారీలు కూర్చుండసాగెను. బారులు తగ్గి, గేటు ముందు చివరి ట్రాక్టరు కూడ ధాన్యము దించిపోయిన నాడు ఆయన ఫోను చేసి చెప్పెను: "జాగ పెరగలే సార్. గని తగ్గలే గూడ."